సముద్రం వైపు చూడలేకపోతున్నాను, బొమ్మ ఎలా వేయను?

ప్రశ్న: మేడమ్, నాకు ముప్పై ఆరేళ్లు. విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీలో అమ్మతో ఉంటాను. స్కూల్లో డ్రాయింగ్ టీచర్ని. వాటర్ కలర్స్‌లో సముద్రం, పడవలు వేస్తాను. కొన్ని గ్రూప్ షోలలో పెట్టాను, కొన్ని అమ్ముడయ్యాయి కూడా. పోయిన ఆషాఢంలో నాన్న పోయారు. పోర్టులో చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆదివారం వస్తే నన్ను స్కూటర్ మీద భీమిలి తీసుకెళ్లేవారు. నేను బొమ్మ వేసుకుంటుంటే పక్కన పేపరు చదువుతూ కూర్చునేవారు. ఆయన అస్థికలు కూడా అక్కడే, గోస్తని సముద్రంలో కలిసే చోట కలిపాం. అప్పట్నుంచి నేను బ్రష్ పట్టలేదు. స్కూలుకి వెళ్తున్నాను, ఇంటి పనులు చేస్తున్నాను, బొమ్మ మాత్రం రావడం లేదు. "బీచ్‌కి వెళ్లు, ప్రకృతిలో కాసేపు కూర్చో, ప్రేరణ దానంతటదే వస్తుంది" అంటారు అందరూ. వెళ్లాను. నీళ్లు చూస్తే అస్థికల కుండే గుర్తొస్తోంది. తిరిగొచ్చేశాను. ఇంట్లో ఉంటే మా గేటు పక్క బాదం చెట్టు చూస్తూ కూర్చుంటాను. హుద్‌హుద్ తుఫాను తర్వాత నాన్న నాటిన చెట్టు, ఇప్పుడు ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి, అమ్మ పొద్దున్నే ఊడుస్తూ విసుక్కుంటుంది. ఇంకో సంగతి. ఆస్పత్రిలో ఆఖరి వారంలో నాన్న నిద్రపోతుంటే పెన్సిల్‌తో స్కెచ్ వేశాను. ఎవరికీ చూపించలేదు. అలాంటప్పుడు నాకు బొమ్మ ఎలా వేయబుద్ధయిందా అని తప్పు చేసినట్టు ఉంటుంది. ఉగాదికి ఒక ఫ్రెండ్ ప్రకృతి మీద గ్రూప్ షో పెడుతోంది, నన్ను మూడు బొమ్మలు ఇమ్మంటోంది. మేనత్తలేమో ఏడాది తిరక్కుండా ఇవన్నీ ఏమిటంటున్నారు. నన్నేం చేయమంటారు?

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: బీచ్‌కి వెళ్లమన్నవాళ్లు మీ మంచి కోరే అన్నారు. కానీ విశాఖలో ఉన్నవాళ్లం ఏ కష్టానికైనా ఒకటే మందు రాస్తాం. పరీక్ష పోతే బీచ్, సంబంధం తప్పిపోతే బీచ్, ఆఫీసులో టెన్షన్ అయితే బీచ్. సాయంత్రంపూట ఆర్కే బీచ్‌లో గుర్రాలు, మురీ మిక్చర్ బండ్లు, సెల్ఫీల మధ్య కూర్చుంటే ఎవరి మనసు తేలికవుతుందో ఆ చెప్పినవాళ్లనే అడగాలి. అది అలా ఉంచండి. మీకు ఆ నీళ్లు ఇప్పుడు ప్రకృతి కాదమ్మా, నాన్నను దింపి వచ్చిన చోటు. శ్మశానం గేటు ముందు స్టాండు వేసుకుని ల్యాండ్‌స్కేప్ వేయమంటే ఎవరికి చేయి ఆడుతుంది? మీకు బొమ్మ రాకపోవడంలో వింతేమీ లేదు. మీ చేతికేదో అయిపోయిందని భయపడకండి.

కాబట్టి సముద్రాన్ని కొన్నాళ్లు వదిలేయండి. ఎన్నాళ్లని ఇప్పుడే లెక్క పెట్టుకోవద్దు.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. భీమిలి గురించి రాశారు, స్కూటర్ గురించి రాశారు, నీళ్ల గురించి రాశారు. అందులో ఎక్కడా రంగు లేదు. ఇరవై ఏళ్లుగా సముద్రం వేస్తున్న మనిషి సముద్రం గురించి రాస్తూ ఒక్క రంగు పేరు కూడా ఎత్తలేదు. బాదం చెట్టు దగ్గరికి వచ్చేసరికి "ఎర్రబడి" అని రాశారు. అంటే మీ కన్ను పనిచేయడం మానలేదు, సముద్రం దగ్గర పనిచేయనంటోంది, అంతే. అది పనిచేస్తున్న చోటే మొదలుపెట్టండి. గేటు దాటి వెళ్లక్కర్లేదు.

ఎలా అంటారా? అమ్మ ఊడ్చేలోపు ఒక ఆకు తీసుకోండి. చెట్టు మొత్తం వద్దు. చెట్టు వేయబోతే అది నాన్న చెట్టు అవుతుంది, మళ్లీ చేయి ఆగుతుంది. ఆకు ఆకే. అరచేతిలో పెట్టుకుని చూడండి. బాదం ఆకు తొడిమ దగ్గర సన్నగా మొదలై కొసకు వచ్చేసరికి వెడల్పవుతుంది. మీద ఎరుపు అని మనం అనేస్తాం కానీ అది ఒక్క ఎరుపు కాదు. ఈనెల వెంబడి ఇంకా పసుపు, అక్కడక్కడ ఆకుపచ్చ మిగిలి ఉంటుంది. ఈనెల మధ్య గదుల్లో ముదురు ఎరుపు. అంచుల్లో అప్పుడే గోధుమరంగు. తిరగేస్తే వెనకవైపు వెలిసిపోయినట్టుంటుంది. పురుగు తిన్న చిల్లు చుట్టూ నల్లటి గీత. రాలబోయే ముందు ఆకులో పచ్చదనం కరిగిపోతుంది, దాని మాటున ఉన్న పసుపు బయటపడుతుంది, ఎరుపు మటుకు కొత్తగా తయారవుతుంది. వాడిపోవడం అని మనం తేలిగ్గా అనేదానిలో ఇంత పని ఉంది.

దీనిలో మీకు పనికొచ్చే సంగతి ఇంకొకటి. రాలిన ఆకు ఆగదు. పొద్దున ఉన్న ఎరుపు సాయంత్రానికి ఉండదు, మర్నాటికి తోలులా గట్టిపడి ముడుచుకుంటుంది. అందుకని కూర్చుంటే అప్పుడే కూర్చోవాలి. స్కూలుకి వెళ్లేముందు ఒక అరగంట చాలు. పోస్టుకార్డంత కాగితం, రెండో మూడో రంగులు. బర్న్ట్ సియెన్నా, అలిజరిన్, కొంచెం సాప్ గ్రీన్ ఉంటే ఎక్కువ. బాగా వచ్చిందా లేదా అని చూడొద్దు, వెనకాల తేదీ రాసి పక్కన పెట్టేయండి. మర్నాడు ఇంకో ఆకు. మన ఊరి తేమ సంగతి మీకు చెప్పక్కర్లేదు కదా, ఒక వాష్, అదే పలచటి రంగు పూత, ఆరడానికి పట్టే టైములో కాఫీ తాగి రావచ్చు. ఆరకముందే తొందరపడి రెండో రంగు వేస్తే మరకలు విచ్చుకుంటాయి. విచ్చుకోనివ్వండి. ఈ ఆకుల మీద ఆ మరకలు అందంగానే ఉంటాయి.

అమ్మగారిని కూడా ఇందులోకి లాగండి. "అమ్మా, ఊడ్చేటప్పుడు మంచిది ఒకటి పక్కన పెట్టు" అని చెప్పి చూడండి. ఆమె విసుక్కునేది ఆకుల మీదేనని మీరు అనుకుంటున్నారా? ఆ చెట్టు ఆవిడక్కూడా ఆయన నాటిందే. పొద్దున్నే దాని కింద వంగేది ఆవిడ. నాలుగు రోజులు పోతే మీరు ఏ ఆకు తీసుకుంటారో ఆవిడకు తెలిసిపోతుంది. దానిమీద ఇద్దరూ ఒక మాట అనుకుంటారు. ఏడు నెలలుగా ఒకే ఇంట్లో ఎవరి దుఃఖం వాళ్లు దాచుకుని తిరుగుతున్నారనిపించింది నాకు, ఉత్తరం చూస్తే. అది నా ఊహే అయితే సంతోషం.

ప్రకృతి ఓదారుస్తుందనే మాట మీద నాకు పెద్ద నమ్మకం లేదు. చెట్టుకు మనిషి పోయిన సంగతి తెలియదు. తుఫాను వచ్చిన 2014 అక్టోబరు 12న ఈ ఊళ్లో కూలిన చెట్లకు ఇన్ని అని లెక్క లేదు, దాన్ని చేసిందీ ఆ ప్రకృతే. నిజానికి అది మనల్ని పట్టించుకోకపోవడమే ఒకరకంగా మేలు. చుట్టాల దగ్గరైతే ఎలా ఉన్నావని అడిగినప్పుడల్లా మొహం సర్దుకోవాలి. ఆకు ముందు సర్దుకోనక్కర్లేదు. ఏడుస్తూ కూడా వేయొచ్చు, నీళ్లు కాగితం మీద పడకుండా చూసుకుంటే చాలు.

జార్జియా ఓకీఫ్ పేరు మీరు విని ఉంటారు, అమెరికా చిత్రకారిణి. 1916 మే నెలలో వాళ్లమ్మ క్షయతో పోయింది. అదే ఏడాది శరదృతువులో ఆమె టెక్సాస్‌లో క్యానియన్ అనే చిన్న ఊళ్లో డ్రాయింగ్ పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరింది. చూస్తే మీ ఉద్యోగమే. చెట్టూ చేమా లేని మైదానం అది. తల్లిపోయిన చెల్లెలు కూడా ఆమె దగ్గరికే వచ్చి ఉండేది. సాయంత్రాలు అక్కాచెల్లెళ్లిద్దరూ ఊరి బయటికి నడిచేవాళ్లు. చెల్లెలి చేతిలో తుపాకీ. ఖాళీ సీసాలు గాల్లోకి ఎగరేసి, కిందపడేలోపు ఎన్నిటిని కాల్చగలిగితే అన్నిటిని కాల్చేది. అక్క సాయంకాలపు చుక్కను చూస్తూ నడిచేది. 1917లో ఆ చుక్కను వాటర్ కలర్‌లో వరసబెట్టి వేసింది, ఒకటి కాదు, మళ్లీ మళ్లీ అదే చుక్క, అదే ఎరుపు పసుపు వలయాలు. అందులో తల్లి ఎక్కడా కనబడదు. ఆమె బొమ్మల్లో ఇవాళ్టికీ జనం ఆగి చూసేవాటిలో అవి ఉన్నాయి. మీ బాదం ఆకుల్లో నాన్న కనబడాలని ఎవరూ అడగరు, మీరూ అడగొద్దు. "ఇది మా నాన్న జ్ఞాపకం" అని బొమ్మ కింద రాయాలనిపిస్తే అసలే రాయొద్దు.

ఆకులు ఒక దారికి వచ్చాక, చేయి కాస్త ఆడుతోందనిపించాక, ఊరి బయటికి వెళ్లండి. నేనైతే మొదట ఎర్రమట్టి దిబ్బలకు వెళ్లమంటాను. భీమిలి దారిలోనే అయినా అక్కడ నీళ్ల ముందు కూర్చోవలసిన పని లేదు. సినిమా పాటల్లో చూసిన చోటే కదా అని తేలిగ్గా తీసేయకండి. పొద్దున ఏడింటికి, జనం రాకముందు, వాన నీళ్లు కోసిన గల్లీల్లోకి దిగి ఏదో ఒక గోడ ముందు కూర్చోండి. ఇసుక రేణువుల మీద ఇనుము తుప్పు పొరలా పట్టుకోవడం వల్ల వచ్చిన ఎరుపు అది. మీ పెట్టెలో ఉన్న బర్న్ట్ సియెన్నా, ఇండియన్ రెడ్, ఎల్లో ఆకర్ మూడూ ఆ ఇనుము కుటుంబానివే. అంటే కలుపుకోవడానికి పెద్దగా తిప్పలు పడక్కర్లేదు, గోడ రంగు ట్యూబులోనే ఉంది. తిప్పలంతా నీడలతో. ఎండ ఎక్కుతున్నకొద్దీ ఎరుపు నీడ వంకాయరంగుకి తిరుగుతుంది, అరగంటలో మొత్తం మారిపోతుంది. మట్టి మాత్రం పొట్లం కట్టి తెచ్చుకోవద్దు, రంగు చేద్దామనిపించినా సరే. వేల ఏళ్లలో సముద్రం వెనక్కి తగ్గుతూ, ముందుకు వస్తూ, గాలి ఇసుకను పోస్తూ ఏర్పడిన దిబ్బలవి. భూవారసత్వ స్థలంగా గుర్తించారు, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కాయి. ఇప్పటికే తవ్వినవాళ్లు తవ్వారు, మనం కూడా చేయి వేయడం ఎందుకు?

ఆ తర్వాత ఎప్పుడో, మీకు వెళ్లాలనిపించిన రోజున, సముద్రం. మొదటిసారే భీమిలి వద్దు. యారాడ వెళ్లండి, మంగమారిపేట వెళ్లండి, నాన్నతో వెళ్లని తీరం ఏదైనా సరే. వెళ్లి నీళ్లకు వీపు పెట్టి కూర్చోండి. నిజంగానే చెబుతున్నాను. మన తీరం వాళ్లు బొమ్మల్లో నీళ్లనే వేస్తారు, ఇసుకకు పసుపు పూసి వదిలేస్తారు. ఇక్కడి ఇసుక పసుపు ఎప్పుడైంది? అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద ఎవరో బొగ్గుతో గీసినట్టు నల్ల చారలు మిగులుతాయి చూడండి, అది ఇల్మనైట్ అనే నల్ల ఖనిజం. పక్కనే గులాబీ, ముదురు ఎరుపు చార ఉంటే అది గార్నెట్ అనే ఎర్ర ఖనిజం. బరువైన రేణువులు కాబట్టి తేలిక ఇసుక కొట్టుకుపోయినా అవి అక్కడే ఆగుతాయి. కైలాసగిరి, సింహాచలం, డాల్ఫిన్స్ నోస్ కొండలన్నీ ఖోండలైట్ అనే రాయి. అందులో ఉన్న గార్నెట్టే రాయి అరిగి, వానలకు వాగుల్లో దిగి, ఇక్కడికి చేరుతుంది. ఆ చారలు అల అలకీ మారతాయి. వాటి పక్కన చిన్న చిన్న పీతలు తమ బొరియ చుట్టూ ఇసుక ఉండలు చేసి పెడతాయి, అల వచ్చి చెరిపేస్తుంది, మళ్లీ మొదలుపెడతాయి. ఈ ఇసుక వేయడానికే మీకు ఏడాది సరిపోతుంది. నీళ్ల వైపు ఎప్పుడు తిరుగుతారో మీ ఇష్టం. అసలు తిరగకపోయినా మీరు విశాఖ సముద్రం వేయడం లేదని ఎవరూ అనరు.

ఇక ఆస్పత్రి స్కెచ్. అది తప్పు కాదు, కాస్త కూడా కాదు. కొందరు కాళ్లు నొక్కుతారు, కొందరు విష్ణు సహస్రనామం చదువుతారు, మీకు చేతనైన పద్ధతిలో మీరు దగ్గర కూర్చున్నారు. ఆ పది నిమిషాలూ ఆ మొహాన్ని మీ అంత శ్రద్ధగా ఆ గదిలో ఇంకెవరూ చూసి ఉండరు, డాక్టర్లతో సహా. పైగా చిన్నప్పుడు మీరు బొమ్మ వేస్తుంటే పక్కన కూర్చున్న మనిషే కదా ఆయన. మేలుకుని ఉంటే ముక్కు సరిగ్గా రాలేదని అని ఉండేవారు.

దాన్ని పెద్ద బొమ్మగా చేయాలా అంటే, ఇప్పుడు వద్దు. నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ ముంక్ అక్క 1877లో క్షయతో పోయింది, అతనికి ఇంకా పద్నాలుగేళ్లు నిండకముందే. మంచంలో ఉన్న ఆ పిల్ల బొమ్మ అతను మొదటిసారి వేసింది 1885-86లో, అంటే ఎనిమిదేళ్లు పోయాక. అప్పటికీ తీరక ఆ తర్వాత నలభై ఏళ్లలో అదే బొమ్మ ఇంకో ఐదుసార్లు వేశాడు. తండ్రి పోయినప్పుడు మాత్రం ఇలా కాదు. 1889 చివర్లో అతను పారిస్ వెళ్లిన కొన్ని వారాలకే ఊళ్లో తండ్రి పోయాడు, అంత్యక్రియలకు అందుకోలేకపోయాడు. మర్నాటి ఏడాదే వేసిన బొమ్మలో తండ్రి లేడు. చీకటి గదిలో కిటికీ పక్కన టోపీ పెట్టుకున్న మనిషి కూర్చుని ఉంటాడు, బయట సీన్ నది, నేల మీద కిటికీ చట్రం నీడ. గదంతా నీలం. ఒకే మనిషి ఒక చావుకి ఎనిమిదేళ్లు ఆగాడు, ఇంకో చావుకి కొన్ని నెలల్లో నది వైపు కిటికీ వేశాడు. ఇన్నాళ్లకు వేయాలి, ఇలా వేయాలి అని ఎక్కడా లేదు. మీ స్కెచ్‌ని జాగ్రత్త చేయడం మాత్రం ఇప్పుడే చేయండి. పెన్సిల్ గీత చెరిగిపోతుంది, మన తేమకు కాగితం మీద గోధుమ మచ్చలు పడతాయి. మీద బటర్ పేపర్ వేసి, గట్టి అట్టల మధ్య పెట్టి, సిలికా జెల్ పొట్లం ఒకటి పడేసి చదునుగా ఉంచండి. బీరువాలో చీరల కింద మాత్రం వద్దు. అమ్మకు ఎప్పుడు చూపించాలో తొందర లేదు. కానీ చూపించండి.

ఒక జాగ్రత్త మాట కూడా చెప్పాలి. మీరు స్కూలుకి వెళ్తున్నారు, ఇల్లు చూసుకుంటున్నారు, కాబట్టి నాకు పెద్ద బెంగ లేదు. కానీ నిద్ర పూర్తిగా పోయినా, తిండి సహించకపోయినా, రోజువారీ పనులు ఆగిపోయినా, నేను కూడా పోతే బాగుండు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆకులూ ఇసుకా పక్కన పెట్టి డాక్టర్‌తో మాట్లాడండి. 14416కి ఫోన్ చేస్తే టెలీ మానస్ వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు పడవు. వాల్తేరు మానసిక ఆస్పత్రి పేరెత్తితే మన ఊళ్లో ఇప్పటికీ వేళాకోళం చేస్తారు. చేసేవాళ్లు చేసుకోనీ. ఆరు నెలలు దాటాక కూడా మనిషిని కదలనివ్వని దుఃఖాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా వైద్యం అవసరమైనదిగానే చెబుతోంది.

మేనత్తల సంగతి. వాళ్ల మీద కోపం తెచ్చుకోకండి, వాళ్లకు పోయింది తోడబుట్టినవాడు. పెళ్లిళ్లూ గృహప్రవేశాలూ ఏడాది ఆపుకోవడం మన ఇళ్లలో ఉన్నదే. బొమ్మ వేయడం శుభకార్యం కాదు, మీ వృత్తి. మీరు స్కూలుకి వెళ్లొద్దని వాళ్లు అనలేదు కదా. ఈ విషయంలో అడగాల్సిన మనిషి ఒక్కరే, అమ్మ. ఆవిడ సరేనంటే మిగతావాళ్లకు "అమ్మను అడిగే చేస్తున్నా అత్తయ్యా" అని ఒక్క మాట చెబితే సరిపోతుంది. వాదించొద్దు.

అయినా ఉగాది షోకి మాత్రం వద్దనే అంటాను. సూతకం గురించి కాదు. గడువు పెట్టుకుంటే మీరు ఆకులు వదిలేసి, అలవాటైన చేత్తో మూడు పడవలు వేసి ఇచ్చేస్తారు. నీలం బాగానే ఉంటుంది, జనం మెచ్చుకుంటారు, ఎవరో కొంటారు కూడా. ఇంటికి వచ్చాక మీకే అసహ్యం వేస్తుంది. మీ ఫ్రెండ్ మరీ బలవంతపెడితే పాతవి ఏవైనా ఉంటే ఒకటో రెండో ఇవ్వండి, పాతవేనని చెప్పే ఇవ్వండి. కొత్తవి ఈసారికి రావని మాత్రం ఈ వారమే ఫోన్ చేసి చెప్పేయండి. ఆఖరి నిమిషంలో చెబితే ఆమెకు గోడ మీద మూడు ఖాళీలు మిగులుతాయి, ఇంకొకరిని పిలుచుకోవడానికి టైము ఉండదు.